కుక్క నిద్రలో కాళ్లు కదిపేది కల వల్లేనా?

రేచుక్క: కుక్క నిద్రలో కాళ్లు కదిపితే “కలలో పరిగెడుతోంది” అంటాం. ఆ మాటను ఉత్త ఊహ అని కొట్టిపారేయడం నాకు నచ్చడం లేదు. ఫ్రాన్స్‌లో నిద్ర పరిశోధకుడు మిషెల్ జువే పిల్లుల మీద చేసిన ప్రయోగాలు గుర్తు తెచ్చుకోండి. రెమ్ నిద్రలో, అంటే కనుగుడ్లు వేగంగా కదిలే, కలలు ఎక్కువగా వచ్చే దశలో, కండరాలను వదులు చేసి పడుకోబెట్టే యంత్రాంగం మెదడు కాండంలో పాన్స్ అనే భాగంలో ఉంది. అక్కడ దెబ్బతీస్తే, పిల్లి నిద్రలోనే లేచి, ఎదుట ఏమీ లేకపోయినా పొంచి, పంజా విసిరింది. లోపల ఏదో జరుగుతుంటేనే కదా! 2001లో లూయీ, విల్సన్ అనే పరిశోధకులు ఎలుకల్లో ఇంకా సూటిగా చూపారు. వలయాకారపు దారిలో పరిగెత్తినప్పుడు హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు, దారి గుర్తుకు ముఖ్యమైన భాగం) నాడీకణాలు ఏ వరుసలో స్పందించాయో, రెమ్ నిద్రలోనూ ఆ వరుస మళ్లీ కనిపించింది.

కండరం: రెండూ నిజమే. అయితే లూయీ, విల్సన్ కొలిచింది హిప్పోక్యాంపస్‌ను, కాలి అదురును కాదు. ఆ అదురు ఎక్కడ పుడుతుందో అయోవా విశ్వవిద్యాలయంలో మార్క్ బ్లంబర్గ్ బృందం ఎలుక పిల్లల్లో చూసింది. పైమెదడుకూ మెదడు కాండానికీ సంబంధం తెంచినా అదుర్లు ఆగలేదు. అప్పుడే పుట్టిన కుక్కపిల్లనే తీసుకోండి. దాదాపు రెండు వారాలు కళ్లు తెరవదు, ఇంకా పరిగెత్తి ఎరగదు, అయినా అదుర్లు ఆ వయసులోనే ఎక్కువ. బ్లంబర్గ్ వివరణ నాకు చాలా బలంగా అనిపిస్తుంది. నిద్రలో మిగతా కండరాలన్నీ వదులుగా ఉన్నప్పుడు ఒక్కటి అదిరితే, ఆ కదలిక కబురు మెదడుకు స్పష్టంగా చేరుతుంది. ఏ నాడి ఏ కండరాన్ని కదుపుతుందో మెదడు అలా తెలుసుకుంటుంది.

రేచుక్క: పిల్లల సంగతి ఒప్పుకుంటాను. మరి ఎదిగిన కుక్క కాళ్లాడిస్తూ, మూతి మూసుకునే మొరుగుతుందే?

కండరం: రెమ్‌లో గ్లైసిన్, గాబా అనే నాడీ రసాయనాలు కండరాలను కదిపే మోటార్ నాడీకణాలను అణచిపెడతాయి. మధ్యమధ్య మెదడు కాండం నుంచి వచ్చే ఉత్తేజం ఆ అణచివేతను దాటినప్పుడు పాదమో, మీసమో, గొంతో కదులుతుంది. పరుగులో నాలుగు కాళ్లకూ ఒక క్రమం ఉంటుంది. నిద్రలో ఎక్కువసార్లు కనిపించేవి ముక్కముక్కల కదలికలు. కుక్క కల కనదని నేననను. కాలు చూసి కల చదవలేమంటున్నాను.

పశువైద్యం: వాదన మధ్యలో ఒక మాట, దీన్ని మూర్ఛతో పొరపడకండి. మూర్ఛ నిద్రలోనూ వస్తుంది. మామూలు అదుర్లు కొన్ని సెకన్లుండి ఆగుతాయి, ఒళ్లు మెత్తగా ఉంటుంది, దూరం నుంచి పేరుపెట్టి పిలిస్తే లేచి మామూలుగా ఉంటుంది. మూర్ఛలో కాళ్లు బిగుసుకుంటాయి లేదా ఒకే లయలో కొట్టుకుంటాయి, చొంగ కారవచ్చు, మూత్రం పోవచ్చు, పిలిచినా తెలివి రాదు, తగ్గాక కాసేపు అయోమయంగా తిరుగుతుంది. నోట్లో చెయ్యి పెట్టొద్దు. ముఖం కనిపించేలా వీడియో తీసి, సమయం చూసుకోండి. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామూలు అదుర్లయితే తట్టి లేపకండి, ఉలిక్కిపడి కరవొచ్చు.

రేచుక్క: ఉపయోగపడే మాట చెప్పారు. కండరం గారూ, జువే పిల్లి మాత్రం మీ వాదనకు ఇంకా అడ్డే. అణచివేత పోయాక బయటపడింది ముక్కముక్కల అదురు కాదు, పొంచడం, దూకడం లాంటి పూర్తి ప్రవర్తన. ఎదిగిన జంతువులో హిప్పోక్యాంపస్ వరుసనూ కండరాల విద్యుత్‌నూ ఒకేసారి నమోదు చేసి, ఏది ముందు మొదలైందో చూడాలి. అంతవరకూ కలను పూర్తిగా పక్కన పెట్టలేను.