స్వీడన్ 'బీ' పల్లె, నార్వే 'బీ' పట్నం: తెలుగులో ఏ మాట వేయాలి?

ప్రశ్న: ఒక స్వీడిష్ కథ, ఒక నార్వేజియన్ కథ తెలుగు చేస్తున్నాం. రెండింట్లోనూ 'బీ' అనే మాట ఉంది. నిఘంటువు ఒకచోట పల్లె అంటోంది, ఇంకోచోట పట్నం అంటోంది. 'బిగ్ద్', 'గోర్', 'తోర్ప్' కూడా తగులుతున్నాయి. అన్నిటికీ 'గ్రామం' అని వేసేయొచ్చా?

జవాబు: వద్దండీ, కథ తలకిందులవుతుంది. స్వీడిష్‌లో 'హూన్ ఫ్లిత్తాదె తిల్ బీన్' అంటే ఆమె పల్లెకు మకాం మార్చింది. నార్వేజియన్‌లో 'హున్ ఫ్లిత్తెత్ తిల్ బీయెన్' అంటే పట్నం వెళ్లిపోయింది. మూలం ఒకటే: 'నివసించు' అనే పాత నార్స్ (వైకింగుల కాలపు స్కాండినేవియా భాష) ధాతువు నుంచి వచ్చిన మాట. మొదట దాని అర్థం ఇల్లూ పొలమూ ఉన్న చోటు. స్వీడన్‌లో అది పల్లె దగ్గర ఆగింది. డెన్మార్క్, నార్వేల్లో పట్నం దాకా పెరిగింది. అందుకే డేన్‌లు పల్లెను 'లాన్స్‌బీ' అంటారు. నార్వేలో ఈ లాన్స్‌బీ ఎక్కువగా విదేశీ పల్లెలకే వాడే మాట, స్వదేశంలో అలాంటివి పెద్దగా లేవు కాబట్టి.

ఏ భాషో తేల్చుకోవడం తేలికే. మూలంలో 'o' అక్షరం మీద రెండు చుక్కలుంటే స్వీడిష్, అడ్డగీత ఉంటే డేనిష్ లేదా నార్వేజియన్. బహువచనమూ సాయపడుతుంది: 'బీయెర్' అయితే డేనిష్ లేదా నార్వేజియన్, 'బీయార్' అయితే చాలావరకు స్వీడిష్ (నార్వేజియన్ రెండో లిఖిత రూపం నీనోర్స్క్‌లోనూ 'బీయార్' అనే ఉంటుంది). ఊరి పేరు చివరి 'బీ'ని మాత్రం నమ్మకండి. గోత్లాండ్ దీవిలోని విస్బీ స్వీడన్‌దే, అయినా పట్నం.

ఇంకో జవాబు: నార్వే కథలో అసలు చిక్కు 'గోర్' దగ్గరండీ. మన ఊళ్లలా ఇళ్లన్నీ ఒకచోట చేరి, చుట్టూ పొలాలుండే పల్లె నార్వేలో అరుదు. అక్కడ లెక్కకు వచ్చేది గోర్: ఇల్లు, కొట్టం, ధాన్యపు కొట్టు, పొలం, అడవిలో వాటా, ఎండాకాలం పశువులను తోలే కొండబీడు కలిపి ఒక పేరుతో ఉండే ఆస్తి. 'పొలం' అంటే ఇల్లు పోతుంది, 'ఇల్లు' అంటే భూమి పోతుంది. మొదటిసారి 'ఇల్లూ పొలమూ' అని విప్పి, తర్వాత దాని పేరుతోనే పిలవడం నయం. మనకు ఊరి పేర్లు ఇంటిపేర్లైనట్టే వాళ్లకు గోర్ పేర్లు ఇంటిపేర్లయ్యాయి. తేడా ఏమిటంటే, 1923 చట్టం స్థిరమైన ఇంటిపేరు తప్పనిసరి చేసేదాకా, గోర్ మారితే పేరూ మారేది. పాత కథలో ఒకే మనిషికి రెండు పేర్లు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

ఓస్లో నగరంలో జరిగే కథైతే గోర్ అంటే చాలావరకు నాలుగైదు అంతస్తుల అద్దె భవనం. అక్కడ కొట్టాలూ ఆవులూ పెట్టేస్తే నవ్వులపాలే.

ఉప ప్రశ్న: మరి 'బిగ్ద్'కు 'సీమ' సరిపోతుందా?

జవాబు: సీమ మరీ పెద్దదైపోతుందండీ, రాయలసీమ గుర్తొస్తుంది. బిగ్ద్ అంటే ఒక లోయలోనో, ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపాయ) ఒడ్డునో చెదురుగా ఉన్న గోర్‌లన్నీ కలిపి. సాధారణంగా ఒక చర్చి కిందికి వచ్చేంత మేర. దానికన్నా చిన్నది, నాలుగైదు గోర్‌ల గుంపు, 'గ్రెన్'. సంభాషణలో అయితే 'మా వైపు', 'ఆ వైపు జనం' అంటే బిగ్ద్ భావం చక్కగా వస్తుంది. ఫారో దీవుల్లో మాత్రం బిగ్ద్ అంటే నిక్కచ్చిగా పల్లెటూరే. గ్రీన్‌లాండ్ గురించి రాసిన డేనిష్‌లోనూ అంతే: పెద్దవి బీ, చిన్నవి బిగ్ద్.

ఇంకో జవాబు: తోర్ప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత ఊరి పొలిమేరలో కొత్తగా వెలసిన చిన్న ఊరు అని తొలి అర్థం. మన రెవెన్యూ భాషలో 'మజరా' దీనికి దగ్గర. డెన్మార్క్‌లో అరిగిపోయి ఊరి పేర్ల చివర 'రుప్', 'త్రుప్' అయింది (కోపెన్‌హేగన్ విమానాశ్రయం ఉన్న కాస్త్రుప్‌లో లాగా). దక్షిణ స్వీడన్ స్కోనెలో 'అర్ప్'గా మిగిలింది. మిగతా స్వీడన్‌లో మాట బతికింది కానీ అర్థం కుదించుకుపోయింది: భూస్వామి నేలలో గుడిసె వేసుకుని, అద్దె కింద ఏడాదికి ఇన్ని రోజులని వెట్టి చేసే కౌలుదారుడి ఇల్లు. ఇప్పటి కథలో అదే తోర్ప్ ఎర్రరంగు వేసిన వేసవి విడిది. 19వ శతాబ్దపు కథైతే పేదరికం, నేటి కథైతే సెలవులు. కాబట్టి కథాకాలం చూడకుండా ముట్టుకోకండి.

కాలం స్వీడిష్ 'బీ'కీ ముఖ్యమే. 1803లో స్కోనెకు, 1827లో దేశమంతటికీ వచ్చిన భూ పునర్విభజన చట్టాలతో ముక్కలు ముక్కలుగా ఉన్న చేలను ఒక్కొక్కరికీ ఒకచోటికి చేర్చారు. దాంతో చాలా కుటుంబాలు ఊరు వదిలి తమ చేలోనే ఇల్లు కట్టుకున్నాయి. డెన్మార్క్‌లో ఈ పని 1781 శాసనం తర్వాతే ఊపందుకుంది. కనుక ఈ చట్టాల తర్వాతి కాలపు కథలో 'బీ' అంటే పక్కపక్క ఇళ్లు, రచ్చబండ ఊహించి వర్ణనలు అల్లకండి. ఎడంగా నాలుగు ఇళ్లే ఉండొచ్చు.

ఉప ప్రశ్న: పత్రికా వ్యాసంలో 'తేతూర్ట్', 'తెత్‌స్తేద్' అని ఉన్నాయి. పట్టణం అనేద్దామా?

జవాబు: అవి గణాంక శాఖల మాటలు, మొదటిది స్వీడన్‌ది, రెండోది నార్వేది. రెండింటికీ కనీసం 200 మంది ఉండాలి. ఇళ్ల మధ్య ఎడం స్వీడన్‌లో 200 మీటర్లు, నార్వేలో మామూలుగా 50 మీటర్లు మించకూడదు. 200 మంది ఊరిని పట్టణం అంటే మన పాఠకుడికి నమ్మశక్యం కాదు, 'జనావాసం' చాలు. నార్వేజియన్ 'స్తేద్' అంటే ఉత్త 'చోటు' అని, స్వీడిష్ 'స్తాద్' అంటే నగరమని కూడా రాసి పెట్టుకోండి, ఈ జంట దగ్గర అనుభవజ్ఞులూ జారిపడతారు.

చివరి చేర్పు: వైకింగులు ఇదే 'బీ'ని ఇంగ్లండ్ తీసుకెళ్లారు. డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ అలా వచ్చినవే. స్కన్‌థార్ప్‌లో ఉన్నది తోర్ప్. మన అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు కొట్టుకునే 'బైలా'లో మొదటి ముక్క కూడా ఈ 'బీ'యేనని, అంటే ఊరి కట్టుబాటని, చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం.