సెక్షన్‌లో సఖ్యత ఉంటే సంస్థ మీద నిబద్ధత పెరుగుతుందా? (మారుపేర్లతో ముగ్గురి చర్చ)

ఫైలుకట్ట: ప్రభుత్వ సంస్థల్లో మూడేళ్లకోసారి అందర్నీ కదిపేస్తే ఉద్యోగుల మధ్య పరిచయాలు, నమ్మకం, అంటే సామాజిక మూలధనం, తెగిపోతాయి. దాంతోపాటే నిబద్ధతా పోతుంది. బదిలీలు తగ్గించాలన్నది నా వాదన.

కొలబద్ద: ఏ నిబద్ధత? మనస్తత్వ పరిశోధకులు మేయర్, అలెన్ 1991లో దాన్ని మూడుగా విడదీశారు: ఇష్టంతో ఉండటం, వదిలితే నష్టమని ఉండటం, ఉండటం బాధ్యత అనుకుని ఉండటం. పెన్షన్, సీనియారిటీ పెంచేది రెండోదాన్ని. కాబట్టి "మా దగ్గర ఎవరూ రాజీనామా చెయ్యరు" అన్న మాటతో ఏదీ రుజువు కాదు. సఖ్యత ప్రభావాన్ని ముందు మొదటిదాంట్లో వెతకాలి. మూడింటి మార్కులూ కలిపి సగటు తీసే సర్వేలు చాలానే కనిపిస్తాయి, అవి దండగ.

గోడకవతల: మొదటిది పెరిగినా అది ఎవరి మీద? సెక్షన్ మీదా, సంస్థ మీదా? లోపల మరీ ఒకటైపోయిన సెక్షన్ తనవాళ్ల తప్పు కప్పిపుచ్చుతుంది, పక్క సెక్షన్ ఫైలు తొక్కిపెడుతుంది. అకౌంట్స్ నుంచి కొనుగోళ్లకు మారినవాడు పాత పరిచయాలు వెంట తెస్తాడు. అభ్యంతరం రాసే ముందు ఒక ఫోన్ చేసి కనుక్కుంటాడు. చెడగొట్టేది బదిలీ కాదు, మూకుమ్మడి బదిలీ. ఒకే నెలలో సగం మంది వెళ్లిపోతే ఏ ఫైలు ఎందుకు ఆగిందో చెప్పేవాడుండడు. ఒకరొకరుగా పంపండి, వెళ్లేవాణ్ణీ, వచ్చేవాణ్ణీ రెండు వారాలు ఒకే సీట్లో కలిపి కూర్చోబెట్టండి.

ఫైలుకట్ట: మంజూరైన పోస్టు ఒక్కటే. ఇద్దరికి జీతం ఏ పద్దులోంచి?

గోడకవతల: న్యాయమైన అడ్డంకే. అలాంటి చోట ప్రతి సీటుకూ బదులు చూసే మనిషిని ముందే పెట్టి, వారానికో రోజు ఆ పని నిజంగా అతనిచేతే చేయించాలి. కాగితం మీద పేరు రాసి వదిలేస్తే లాభం లేదు. టెండర్లు, నగదు, తనిఖీ సీట్లలో మాత్రం ఎవరినీ బదిలీ గడువు దాటి ఉండనివ్వకూడదు, సఖ్యత ఎంతున్నా సరే.

కొలబద్ద: ఇదంతా కొలిచి చూడాలంటే నమ్మకం, నిబద్ధత ప్రశ్నలు ఒకే కాగితంలో, ఒకే రోజు అడగొద్దు. ఆ పూట మూడ్ రెండింట్లోకీ వచ్చి, లేని సంబంధం కనిపిస్తుంది. కొన్ని వారాల ఎడం ఉంచి, నమ్మకానికి సెక్షన్ సగటు తీసుకోండి. నలుగురైదుగురున్న సెక్షన్‌ను విడిగా చూపితే ఎవరేం రాశారో పై అధికారి పట్టేస్తాడు. మరుసటిసారి అందరూ "బాగుంది" అనే రాస్తారు.

ఫైలుకట్ట: నిబద్ధత ఉన్నవాళ్లే నలుగుర్నీ కలుపుకుపోతారేమో? కారణం అటు నుంచీ ఉండొచ్చు కదా.

కొలబద్ద: ఉండొచ్చు. ఒక్కసారి చేసిన సర్వే అది తేల్చలేదు. బదిలీకి ముందోసారి, అయిన ఆర్నెల్లకు ఇంకోసారి అడిగి, కదలని సెక్షన్లతో పోల్చి చూడాలి.