పాత డబ్బాలు, పెయింట్ బకెట్లు, కాటన్ చీరలు: ఏవి ఉంచుకోవాలి, ఏవి ఇచ్చేయాలి? (బెంగళూరు)

కేఆర్‌పురం కోడలు:
నమస్తే అండీ. మాది కేఆర్ పురంలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా అత్తయ్యగారు ఒంగోలు నుంచి మా దగ్గరికి వచ్చి ఆరు నెలలైంది, వచ్చినప్పటి నుంచీ ఇంట్లోంచి ఒక్క డబ్బా బయటికి వెళ్లలేదు. హార్లిక్స్ సీసాలు పద్నాలుగు, కడిగి ఆరేసి కట్టలు కట్టిన పాల కవర్లు, రంగులు వేయించినప్పుడు మిగిలిన 20 లీటర్ల బకెట్లు మూడు, లెక్కలేనన్ని కూల్‌డ్రింక్ బాటిళ్లు, ఇవి కాక అర బీరువా నిండా ఆవిడ పాత కాటన్ చీరలు. ఆవిడ చేసేది తప్పని నేననను. మా అమ్మమ్మ కూడా అంతే, చింతపండు తీసిన పీచు కూడా రాగి చెంబు తోమడానికి దాచేది. కానీ పోయిన వారం వానకి బాల్కనీలో బాటిళ్లలో నీళ్లు నిలిచి దోమ పిల్లలు కనబడ్డాయి, అప్పుడే పాపకి జ్వరం. మామూలు జ్వరమే అని తేలేదాకా ఎంత టెన్షన్ పడ్డానో. వీడియోలు చూసి బాటిల్‌ని అడ్డంగా కోసి పూలకుండీ చేశాం, ఎండకి పెళుసెక్కి విరిగిపోయింది. చూడ్డానికి బావుండేవి కాదు, రోజూ నిజంగా పనికొచ్చేవి చెప్పండి. అత్తయ్యగారు నొచ్చుకోకుండా మిగతావి ఎలా పంపించాలో కూడా చెప్పండి.

బాల్కనీ తోట:
ముందు ఆ మూడు బకెట్లూ ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లో వాటికంటే విలువైన పాత సామాను లేదు! బియ్యానికి, తాగే నీళ్లకి మాత్రం వాడొద్దు, రంగు డబ్బాలు కదా. ఎరువు చేయడానికి వాడండి. చుట్టూ పెన్సిల్ దూరేంత కన్నాలు ఇరవై ముప్పై, అడుగున నాలుగైదు వేసి, కింద ఒక పాత పళ్లెం పెట్టండి. అడుగున ఎండుటాకులో కొబ్బరి పొట్టో నాలుగు వేళ్ల మందం పరిచి, రోజూ కూరగాయల తొక్కలు వేసి పైన అంతే ఎండుటాకులు కప్పాలి. ఈ కప్పడం ఒక్కటి మానకండి. మొదట్లో రెండు గరిటెల పుల్లమజ్జిగ చల్లితే త్వరగా మొదలవుతుంది. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు ఇంకా వేసి కర్రతో కలపండి, ఒకట్రెండు రోజుల్లో పోతుంది. నూనె కూరలు, మాంసం వేయకండి. ఒకటి నిండాక మూతపెట్టి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి, రెండోది నిండేలోపు, అంటే సుమారు రెండు నెలలకి, మొదటిది నల్లటి మట్టిలా అయిపోతుంది. మూడో బకెట్ ఎండుటాకులు దాచుకోవడానికి. మేం నలుగురం, మా ఇంటి తడి చెత్త మూడేళ్లుగా గేటు దాటలేదు.

బాటిళ్లలో రెండు లీటర్లవి రెండు మాత్రం నేల తుడిచే ద్రావణం చేసుకోవడానికి ఉంచండి. బత్తాయి, నిమ్మ తొక్కలు 300 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, నీళ్లు ఒక లీటరు వేసి, పైన ఖాళీ వదిలి మూత బిగించండి. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి, గాజు సీసా అయితే పగిలే ప్రమాదముంది, అందుకే ప్లాస్టిక్‌దే మంచిది. మూడు నెలలకి వడకట్టి నేల తుడిచే నీళ్లలో కలుపుకోవచ్చు. మిగతా బాటిళ్లన్నీ నలిపి ఈ రోజే ఇచ్చేయండి. డెంగీ దోమ పెరిగేది ఇలా నిలవున్న మంచి నీళ్లలోనే, వారం పది రోజులు చాలు దానికి.

వైట్‌ఫీల్డ్ బాబాయ్:
అమ్మా, నేను ఈ ఊరొచ్చి పాతికేళ్లు. 2012లో, బెంగళూరు చెత్త తీసుకెళ్లి పోసే మావళ్లిపుర ఊరివాళ్లు మా దగ్గర మీ చెత్త వద్దని లారీలు ఆపినప్పుడు ఇక్కడ వీధి వీధికీ కుప్పలే, ముక్కు మూసుకుని నడిచాం. తర్వాత మండూరు వాళ్లూ అలాగే పోరాడారు. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి పెట్టమంది: తడిది ఆకుపచ్చ బుట్టలో, డైపర్లలాంటివి ఎర్ర బుట్టలో, పొడిది సంచిలో. మీ అత్తగారికి ఈ కథ చెప్పి చూడమ్మా. మనం పారేసింది ఇంకో పల్లె నెత్తిన పడుతుందని ఒంగోలు మనిషికి ఒకరు వివరించక్కర్లేదు.

పొడిది తీసుకునే కేంద్రాలు వార్డుల్లో ఉంటాయి, చాలాచోట్ల అక్కడ పనిచేసేది ఒకప్పుడు వీధుల్లో చెత్త ఏరుకున్నవాళ్లే. కడిగి ఆరబెట్టిన పాల కవరు వాళ్ల చేతికొస్తే అమ్ముడుపోతుంది, పాలు పులిసిన కవరు పక్కనున్న కాగితాన్నీ పాడుచేస్తుంది. అంటే ఆవిడ కడగడం అసలైన పని, దాచడమే అక్కర్లేనిది. ఇంకోటి, కవరు మూల పూర్తిగా కత్తిరించొద్దు, సగం కోసి వేలాడనివ్వాలి. ఆ చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, మట్టిలో అలాగే ఉండిపోతుంది. మా అపార్ట్‌మెంట్లో వేరుచేసి ఇచ్చిందంతా కొన్నాళ్లు ఒకే బండిలో కలిపేశారు, గొడవపడితే గానీ ఆగలేదు. మీరూ ఒకరోజు కిందికి దిగి చూడండి.

నూలుపోగు:
అక్కా, చీరలు దయచేసి ఎవరికీ ఇవ్వొద్దు! నలిగిన నేత చీరంత మెత్తటి గుడ్డ ఏ షాపులోనూ దొరకదు. నాలుగైదు చీరలు మడతపెట్టి దారంతో దగ్గరగా కుట్టిస్తే బొంత అవుతుంది, బెంగళూరు చలికి పాపకి సరిగ్గా సరిపోతుంది. అత్తయ్యగారి చేతే కుట్టించండి, ఆవిడకి తెలిసిన పని అయ్యుంటుంది. ఒకటి ఎండాకాలం వడియాలకి పక్కన పెట్టండి, ఎండాక గుడ్డ వెనకవైపు నీళ్లు చల్లితే వడియం విరగకుండా ఊడొస్తుంది, ప్లాస్టిక్ షీటు మీద పెట్టినవాటికి ఆ రుచి నాకెప్పుడూ రాలేదు. చిరిగినవి జానెడు ముక్కలుగా కోసి వంటింట్లో పెడితే టిష్యూ పేపరు కొననక్కర్లేదు. పట్టు చీరలుంటే మాత్రం తొందరపడి స్టీలు సామాన్లకి ఇచ్చేయొద్దు, అసలు జరీలో వెండి ఉంటుంది.

హార్లిక్స్ సీసాల్లో పప్పులు, పోపు దినుసులు పోయండి. ఊరగాయకైతే, మూత ఇనుపదైతే తుప్పు పడుతుంది, వేరే మూత చూసుకోండి.

కేఆర్‌పురం కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి ఇవన్నీ అత్తయ్యగారికి చదివి వినిపించాను. బాబాయ్‌గారు చెప్పిన మావళ్లిపుర సంగతి విని కాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే ఆవిడే రెండు బాటిళ్లు ఉంచి మిగతావన్నీ సంచిలో వేసి, పాల కవర్ల కట్టలతో సహా కింద ఇచ్చొచ్చారు. బొంతకి ఐదు చీరలు తీశారు, ఒకటి మాత్రం మళ్లీ లోపల పెట్టేశారు, మామయ్యగారు కొన్నదట, నేనేమీ అనలేదు. ఇప్పుడు ఒకటే సమస్య, మా ఇంట్లో డ్రిల్ మెషీన్ లేదు. బకెట్‌కి కన్నాలు చువ్వ కాల్చి పెట్టొచ్చా?

బాల్కనీ తోట:
పెట్టొచ్చు గానీ ప్లాస్టిక్ పొగ పాపకి మంచిది కాదండీ. మీ అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్ దగ్గర డ్రిల్ ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఎండుటాకులు ఈలోపు పోగేసుకోండి, పార్కు ఊడ్చేవాళ్లని అడిగితే గోతాము నిండా ఇస్తారు.