‘క్రొవ్వి యే రాఁదగునే’: ఆ ‘యే’ ఎవరిది?

మియాపూర్ బాటసారి:
పెద్దలకు నమస్కారం. మొన్న సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగవలసినవాడిని, సీటు దొరికిన సంతోషంలో కునుకు తీసి, చివరి స్టేషన్ మియాపూర్‌లో ఎవరో భుజం తడితే లేచాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏ మెట్లు దిగాలో తోచక దిక్కులు చూస్తుండగా, ఇంటర్మీడియట్ నాటి కందం ఒకటి నోటికి వచ్చింది. అల్లసాని పెద్దన మనుచరిత్రలోది; సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకొని అరుణాస్పదపురం నుంచి హిమాలయానికి వెళ్లిన ప్రవరుడు, ఆ పసరు కరిగిపోయి తిరిగి రాలేక అనుకునే మాటలవి. ‘ఎక్కడి యరుణాస్పదపుర మెక్కడి తుహినాద్రి క్రొవ్వి యే రాఁదగునే’ దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నాకు రెండు సందేహాలు. తరువాతి రెండు పాదాలు ఏమిటన్నది మొదటిది. మా నాన్నగారు ‘క్రొవ్వియే’ అని ఒక్క ఊపిరిలో చదివి ఆ తరువాత ఆగేవారు. నేను తరగతిలో ‘క్రొవ్వి’ దగ్గర ఆగి ‘యే రాఁదగునే’ అని చదివినట్టు గుర్తు. వీటిలో ఏది సరి అన్నది రెండవది.

నల్లకుంట మాస్టారు:
ఇందులో సందేహానికి చోటు లేదు, నాయనా. అది ‘ఏన్’, అంటే నేను. ‘ఏన్ రాన్ తగునే’ అని విడదీసుకోవాలి. రేఫ ముందర ద్రుతం, అంటే చివరి నకారం, లోపించి ‘ఏ రా’ అయింది. ఇంతకన్న పెద్ద సాక్ష్యం యతి. రెండవ పాదం ‘మెక్కడి’తో మొదలవుతుంది కదా, అందులోని ఎకారానికి యతి కుదిరే నాలుగవ గణం సరిగ్గా ఈ ‘యే’తోనే మొదలవుతోంది. పెద్దన వంటి కవి యతిస్థానంలో ఒక మాటను నిలబెడతాడు గాని, వెనకటి మాట తోకను తెచ్చి అక్కడ అతికించడు. మీ నాన్నగారి చదువు మీద నాకు గౌరవమే, కాని అది రాగం తీసేవారి విరుపు, అర్థం తెలిపే విరుపు కాదు.

విద్యానగర్ ఉపన్యాసకురాలు:
మాస్టారూ, క్షమించాలి. తెలుగులో యతి అంటే అక్షరమైత్రే గాని విరామం కాదని మీరే ఈ బృందంలో ఎన్నోసార్లు చెప్పారు. సంస్కృత వృత్తాలలో వలె యతి దగ్గర పదం తెగాలన్న నియమం మనకు లేదు. మాట నడుమ యతి పడిన పద్యాలు మనుచరిత్రలోనే కోకొల్లలు. కనుక ‘యే’ యతిస్థానంలో ఉండడం వల్ల అది స్వతంత్ర పదమని రుజువు కాదు. సంధి కూడా మనకు సాయపడదు. క్త్వార్థమైన ఇకారానికి, అంటే ‘క్రొవ్వి’, ‘వచ్చి’ వంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదని బాలవ్యాకరణం చెప్పనే చెప్పింది. అది ‘నేను’ అయినా, నొక్కి చెప్పే ‘ఏ’ అయినా, యడాగమం వచ్చి ‘క్రొవ్వి యే’ అనే కనబడుతుంది. చెవికి రెండూ ఒకటే అయినప్పుడు అర్థాన్ని అడగవలసిందే కదా. నా మటుకు నాకు ‘క్రొవ్వియే’ అన్నదే రుచిస్తుంది. అవసరం ఉండి రాలేదు, ఎవరూ పంపితే రాలేదు, ఒట్టి క్రొవ్వుతోనే వచ్చాను అని ప్రవరుడు తన చెంప తానే వేసుకుంటున్నాడు. మీ ‘నేను’ అక్కడ ఉన్నా లేకున్నా వచ్చే లోటు ఏమీ లేదు, ఎందుకంటే మాట్లాడుతున్నది ఎటూ అతడే.

నల్లకుంట మాస్టారు:
లోటు లేకపోవడమేమిటమ్మా? ‘నా వంటి వాడు రాదగునా’ అన్న బరువంతా ఆ ‘ఏను’లోనే ఉన్నది. నిత్యాగ్నిహోత్రి, ఇల్లు కదలని గృహస్థు, ఊరు దాటితే అగ్నులు ఏమవుతాయో అని బెంగపడేవాడు. సాహసాలు చేయడానికి పుట్టినవాడు కాడు. ఆ తరువాతి పద్యంలోనే ‘బుద్ధిజాడ్యజనితోన్మాదుల్ గదా శ్రోత్రియుల్’ అని తన జాతి మొత్తాన్ని కలుపుకొని తిట్టుకున్నాడు. అక్కడ శ్రోత్రియులు, ఇక్కడ ఏను. ఒకదానికి ఒకటి జత.

గచ్చిబౌలి ఇంజనీరు:
నేను వ్యాకరణం తెలిసినవాడిని కాను, కాని ఈ చర్చ చదువుతుంటే మా అబ్బాయి రోజూ చూసే జపాన్ బొమ్మల కథలు గుర్తుకు వస్తున్నాయి. వాటిని ఇసెకై అంటారట, వేరే లోకమని దాని అర్థం. ఒక మామూలు కుర్రవాడు రోడ్డు దాటుతుండగా లారీ కింద పడి, కళ్లు తెరిచేసరికి మరో లోకంలో ఉంటాడు. అక్కడ అడుగు పెట్టగానే లేని శక్తులు వాడికి వచ్చేస్తాయి. ప్రవరుడి కథ దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. వెళ్లేటప్పుడే శక్తి ఉంది, సిద్ధుడు ఇచ్చిన మందు పాదాలకు ఉంది. అక్కడికి చేరాక మంచునీటికి అది కరిగిపోయింది. ఆ కుర్రవాడిది ఏ తప్పూ లేదు, లారీదే తప్పు. ఇతడికి లారీ లేదు. కనుక ‘క్రొవ్వియే’ అని నొక్కి చెప్పుకోవడమే న్యాయమని నాకు తోస్తున్నది. ఆ కుర్రవాళ్లలో ఒక్కడు కూడా తిరిగి ఇంటికి వెళ్లే దారి ఏదని ఎవరినీ అడగగా నేను చూడలేదు. ప్రవరుడికి తెలిసిన ప్రశ్న అదొక్కటే.

ఉప్పల్ కరీంనగరీయుడు:
అందరూ ‘యే’ చుట్టూ తిరుగుతున్నారు, ‘క్రొవ్వు’ను ఎవరూ పట్టించుకోలేదు. అహంకారం, మదం అని టీకాలు రాసేవారు సులువుగా తేల్చేస్తారు. ప్రవరుడికి అహంకారం ఎక్కడిది? అతిథులు వస్తే కాళ్లు కడిగి, ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో అడిగి తెలుసుకొని నిట్టూర్చేవాడు. మా వైపు ఈ మాట నేటికీ ఎలా వాడతారో చూడండి. నాకు పదేళ్లప్పుడు, పక్క ఊళ్లో ఒగ్గుకథ ఉన్నదని విని, ఇంట్లో చెప్పకుండా చెరువు కట్ట మీదుగా నడిచి వెళ్లి, అర్ధరాత్రి దారి తెలియక అక్కడే గుడి అరుగు మీద పడుకొని, తెల్లవారాక ఇంటికి చేరాను. మా నాయనమ్మ నన్ను కొట్టలేదు. వాకిట్లో నిలబెట్టి కాళ్ల మీద నీళ్లు పోస్తూ, ‘కొవ్వెక్కి పోతివి, కాళ్లు నొచ్చి వస్తివి’ అన్నది. ఆ మాటలో అహంకారం ఎక్కడా లేదు. కడుపు నిండి, కాళ్లలో సత్తువ ఉండి, ఏమీ తోచక పరుగెత్తడమే అక్కడ కొవ్వు. కట్టు విప్పిన కోడెదూడ పొలంలో ఎగిరినట్లు. పెద్దన ‘క్రొవ్వి’ కూడా అదేనని నా నమ్మకం. అప్పుడు ‘యే’ ఏదైనా నాకు అభ్యంతరం లేదు.

విద్యానగర్ ఉపన్యాసకురాలు:
కోడెదూడ పోలిక చాలా బాగుందండీ, మా విద్యార్థులకు చెబుతాను. కొండ మీద మధ్యాహ్నమైనప్పుడు ప్రవరుడు అనుకున్న మాట మీ వాదానికి బలమిస్తుంది. మిగిలిన వింతలు ‘రేపు గన్గొనియెదఁ గాకేమి, నేఁ డేగెదన్’ అంటాడు. ఆ ‘రేపు’ చూడండి! హిమాలయం ఏదో తన పెరటి గోడ అవతల ఉన్నట్లు, ఈ రోజు సగం చూసి రేపు మిగిలిన సగం చూద్దామన్న ధీమా. ఆ వెంటనే కాళ్ల మందు కరిగిపోయిందని పాఠకుడికి తెలుస్తుంది, అతడికి తెలియదు. క్రొవ్వు అన్న మాట తరువాత వచ్చినా, అసలు క్రొవ్వు ఈ ‘రేపు’లోనే ఉన్నదని నా అభిప్రాయం. ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద పాటు దాచడం పెద్దనకే చెల్లింది.

నల్లకుంట మాస్టారు:
పెద్దనకే చెల్లిందన్నది ముమ్మాటికీ నిజం. మార్కండేయ పురాణంలో ఈ కథ ఉన్నది, మారన దానిని పెద్దన కన్న ముందే తెలుగు చేశాడు. కాని దారి తప్పిన బ్రాహ్మణుడి గుండె దడ మనకు వినబడేది పెద్దన దగ్గరే. కన్నులకు మంచుకొండను అంత పెద్దదిగా చూపించి, ఆ సమాసాల హోరులో మనలను ముంచెత్తి, మరుక్షణంలో ‘అక్కట’ అన్న అచ్చ తెలుగు మాటతో చతికిలబడేలా చేస్తాడు. ‘అటజని కాంచె’లో ఉన్న సమాసమూ, ఈ కందంలో ఉన్న ముక్కలు ముక్కలైన మాటలూ ఒకే కలం నుంచి వచ్చాయంటే నమ్మశక్యం కాదు. ఇక అసలు విషయానికి వస్తాను. క్రొవ్వు మాట ఆయన ఇక్కడ ఒక్కసారే వాడలేదు. కొండ మీద కనబడిన అప్సరస వరూధినిని చూసి ‘ఎవ్వతె వీవు’ అని అడిగే పద్యంలో ‘త్రోవ తప్పితిం గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి’ అంటాడు. రెండు చోట్లా క్రొవ్వు రావడానికే అంటుకున్నది. ఇది గమనించినవారు తక్కువ.

విద్యానగర్ ఉపన్యాసకురాలు:
గమనించినవారు తక్కువేమీ కాదు మాస్టారూ, ఎం.ఏ. విద్యార్థులు కూడా గమనిస్తారు. కాని మీరు చెప్పినంత సూటిగా అది లేదు. ‘త్రోవ తప్పితిన్’ దగ్గర పాదం ముగుస్తుంది, ‘క్రొవ్వున’తో కొత్త పాదం మొదలవుతుంది. ఆ క్రొవ్వు వెనకటి తప్పడానికి అంటుకున్నదా, ముందరి రావడానికి అంటుకున్నదా? ‘క్రొవ్వున త్రోవ తప్పాను’ అన్నా అర్థం చెడదు, ‘క్రొవ్వున ఇక్కడికి వచ్చాను’ అన్నా చెడదు. ప్రాస కోసం ‘వ్వ’ కావలసి వచ్చింది, యతి కోసం ‘కుం’కు మైత్రి కావలసి వచ్చింది, ఆ రెండూ కుదిరే మాటను కవి పాదం మొదట నిలిపాడు. ఇంకొక మాట కూడా అనాలనిపిస్తున్నది. అతడు త్రోవ తప్పనే లేదు. పసరు కరిగింది. అపరిచితురాలి ముందు ఆ సంగతి దాచి, దారి తప్పిన బాటసారి వేషం వేశాడు. ఒంటరిగా ఉన్నప్పుడు క్రొవ్వి అన్నవాడు, ఆమె ఎదుట త్రోవ తప్పితి అంటున్నాడు.

నల్లకుంట మాస్టారు:
ప్రవరుడు అబద్ధమాడాడనడం ఈ బృందంలో వినవలసి వస్తుందనుకోలేదు. పసరు పోయాక ఎటు పోవాలో తెలియకపోవడం త్రోవ తప్పడం కాక మరేమిటి?

గచ్చిబౌలి ఇంజనీరు:
వరూధిని మాత్రం నమ్మలేదు కదండీ. ‘ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు’ అని అంటించింది. వచ్చిన దారి నీకు తెలియదా అని ఆమె అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు పాదలేపమే, కాని అతడు దాని ఊసెత్తడు. మా ఇంట్లో ఈ సంగతి చెబితే, ‘ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందని ఒప్పుకోకుండా అడ్రసు తెలియలేదన్నట్లు’ అని మా అబ్బాయి అర్థం చెప్పాడు. వాడు మనుచరిత్ర చదవలేదు, చదివినవారికి తట్టని పోలిక వాడికి తట్టింది.

అబిడ్స్ ఆదివారం:
ఆలస్యంగా వస్తున్నందుకు మన్నించండి. నా దగ్గరున్న మనుచరిత్ర అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పాత పుస్తకాల కుప్పలో దొరికింది. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు, కాబట్టి ఎవరు అచ్చు వేశారో అడగవద్దు. ఈ చర్చ చూసి రాత్రి దానిని తీశాను. అచ్చులో ‘క్రొవ్వియేరాఁదగునే’ అని ఎక్కడా ఖాళీ లేకుండా కలిపే వేశారు, కనుక అచ్చు వేసినవారు తీర్పు చెప్పకుండా తప్పించుకున్నారు. కాని నా కన్న ముందు ఆ పుస్తకం ఎవరిదో గాని, వారు ‘యే’ కింద పెన్సిలుతో గీత గీసి, అంచున ఒక ప్రశ్నార్థకం పెట్టి, మళ్లీ దానిని రబ్బరుతో సగం చెరిపేశారు. చెరిపిన చోట కాగితం పలచబడి వెనక పుటలోని అక్షరాలు కనబడుతున్నాయి. వారికి జవాబు దొరికి చెరిపారో, విసిగిపోయి చెరిపారో తెలియదు.

నల్లకుంట మాస్టారు:
దొరికే చెరిపి ఉంటారు. వారిదీ ‘ఏన్’ పక్షమే అయి ఉంటుంది.

విద్యానగర్ ఉపన్యాసకురాలు:
సగమే చెరిపారంటున్నారు కదా, మాస్టారూ.

మియాపూర్ బాటసారి:
అందరికీ ధన్యవాదాలు. ‘క్రొవ్వు’ నాకు బాగా అర్థమయింది. ఆ సాయంత్రం మియాపూర్‌లో నాకున్నది ఉప్పల్ పెద్దాయన చెప్పిన కోడెదూడ క్రొవ్వు కాదు, ఒట్టి నిద్రే. కాని నా మొదటి సందేహం అలాగే ఉండిపోయింది. తరువాతి రెండు పాదాలను ఇంతవరకు ఎవరూ రాయలేదు.

నల్లకుంట మాస్టారు:
అవి అందరి నోటా ఉన్నవే కదా అని రాయలేదు.

అబిడ్స్ ఆదివారం:
పుస్తకం ఎదుటనే ఉంది కాబట్టి నేను రాస్తాను. ‘యక్కట! మును చనుదెంచిన దిక్కిదియని యెఱుఁగ, వెడలు తెరు వెయ్యదియో.’ వచ్చిన దిక్కు ఏదో తెలియదు, బయటపడే దారి ఏదో తెలియదు. మీరు మెట్రో ప్లాట్‌ఫారం మీద మరిచిపోయిన పాదాలు సరిగ్గా ఇవే కావడం విచిత్రం.

విద్యానగర్ ఉపన్యాసకురాలు:
ఒక్క నిమిషం. ‘మును చనుదెంచిన’ అని రాశారు. మీ పుస్తకంలో ‘చ’ అనే ఉన్నదా? నాకు తెలిసినంతవరకు అక్కడ ‘సనుదెంచిన’ అని ఉండాలి.

నల్లకుంట మాస్టారు:
ఇప్పుడు అసలు ప్రశ్న అడిగావమ్మా. ‘మును’ చివర నకారం లేని కళయా, నకారం ఉన్న ద్రుతప్రకృతికమా? దానిని బట్టి అక్కడ ‘స’ రావాలో ‘జ’ రావాలో తేలుతుంది. ఈ సంగతి కాస్త వివరంగా రాయవలసి ఉంది, భోజనం చేసి వస్తాను.