35 అంగుళాల టైర్లకు ఆక్సిల్ గేరు రేషియో 4.56 వేయాలా, 4.88 వేయాలా, అసలు గేర్లు మార్చాలా?

కొండాపూర్ కుర్రాడు:
నాది జీప్ రాంగ్లర్ రూబికాన్. 2.0 టర్బో పెట్రోల్, 8 గేర్ల ఆటోమేటిక్, ఆక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్స్ వైపు షాఫ్టు తిరిగే చుట్లు) 4.10. 255/75 ఆర్17 టైర్లు తీసేసి 315/70 ఆర్17 (35 అంగుళాలవి) వేయించి రెండు నెలలైంది. బండి చూడముచ్చటగా ఉంది కానీ కదలిక బరువెక్కింది. ఓఆర్ఆర్ మీద 100లో వెళ్తుంటే కాస్త ఎత్తు రాగానే 8 నుంచి 7కి, ఒక్కోసారి 6కి దిగుతోంది. మొన్న ఇంట్లోవాళ్లందరితో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే గేర్లు మారుతూనే ఉన్నాయి, అమ్మ రెండుసార్లు అడిగింది ‘బండికి ఏమైనా అయిందా’ అని. ఒక ఫ్రెండ్ 4.56 అంటాడు, ఇంకొకడు 4.88 అంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

నల్లమల దారి:
తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. పాత టైరు ఎత్తు 814 మి.మీ., కొత్తది 873. పాత రేషియోను కొత్త ఎత్తుతో గుణించి పాత ఎత్తుతో భాగిస్తే 4.40 వస్తుంది. బండి కంపెనీ నుంచి వచ్చినప్పటిలా ఉండాలంటే కావాల్సింది అంతే. 4.40 సెట్టు దొరకదు కాబట్టి పైది 4.56.
అయినా నా ఓటు 4.88కే. ఈ లెక్క ఎత్తును మాత్రమే చూస్తుంది, బరువును చూడదు. 35 టైరు బరువంతా అంచున తిరుగుతుంది, దాన్ని కదిలించడానికే ఇంజిన్ సగం అలసిపోతుంది. 4.88తో 8వ గేరులో 100 దగ్గర ఇంజిన్ వేగం దాదాపు 1,990 ఆర్‌పీఎం, 120 దగ్గర 2,380. టర్బో పెట్రోల్‌కు ఇదేం ఎక్కువ కాదు. లో రేంజ్‌లో (కఠినమైన దారిలో నెమ్మదిగా, బలంగా లాగే సెట్టింగ్) మొదటి గేరుకు ఇప్పుడు మొత్తం రేషియో 77, అది 92 అవుతుంది. రాళ్ల మీద బ్రేకు తొక్కకుండా దిగిన రోజు ఆ తేడా నీకే తెలుస్తుంది.

తార్నాక ప్రయాణం:
నేను ఒప్పుకోను. గేర్లు మార్చే ముందు ఎవరూ అడగని మాట ఒకటుంది: బ్రేకుల సంగతేంటి? ఆక్సిల్ రేషియో మారిస్తే బండి లాగుతుంది, ఆగే దూరం మాత్రం తగ్గదు. స్టీరింగ్ మీద, ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్ల మీద పడిన బరువూ తగ్గదు. ఇంట్లోవాళ్లతో ఘాట్ దిగేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది అదే.
ఇంకోటి. 8 గేర్లున్న బండి ఇది. ఇప్పుడున్న 4.10తోనే 7లో పెట్టి నడిపితే 100 దగ్గర 2,090 ఆర్‌పీఎం వస్తుంది. నల్లమల అన్నా, మీరు చెప్పిన 4.88 వేసి 8లో నడిపినా అంత రాదు! ఓఆర్ఆర్ కోసమే అయితే రెండు ఆక్సిళ్లూ విప్పించడం దేనికి?
చట్టం కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రేపు యాక్సిడెంట్ జరిగి క్లెయిమ్ పేచీలో పడితే పక్కన నిలబడేది మనలో ఎవరం?

నల్లమల దారి:
7వ గేరు మాట నిజమే అక్కా, కాదనను. కానీ ఒకటి మొదలుకొని అన్ని గేర్లూ బరువెక్కాయి. 8కి బదులు 7 వాడుకోవచ్చు. 1కి బదులు ఏం వాడతాం? దాని కింద గేరు లేదు. గండిపేట వైపు బండరాళ్లు ఎక్కేవాడికి ఇబ్బంది వచ్చేది అక్కడే.

రాణీగంజ్ హౌసింగ్ మేస్త్రి:
నేను 22 ఏళ్లుగా క్రౌన్ పినియన్ (ఆక్సిల్ లోపలి పెద్ద పళ్ల చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పని చేస్తున్నా. రేషియో మీద ఇంత వాదిస్తున్నారు, అది బిగించే చెయ్యి గురించి ఎవరూ మాట్లాడట్లేదు.
పోయిన ఏడాది ఒక బండి వచ్చింది. వేరేచోట కొత్త సెట్టు వేశారు, 60 దాటగానే ఈల వేసినట్టు మోత. కవర్ తీసి పళ్లకు బ్లూ (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూపే రంగు) పూసి చేత్తో తిప్పాను. మచ్చ పంటి మధ్యలో పడాలి. దానిలో పంటి పైఅంచున సన్నటి గీతలా పడింది. అంటే పినియన్ లోపలికి రావాల్సినంత రాలేదు. షిమ్ము (పినియన్‌ను జరిపే సన్నటి రేకు) మార్చడం, బిగించడం, మళ్లీ బ్లూ పూయడం, మళ్లీ విప్పడం. నాలుగోసారికి మచ్చ మధ్యకొచ్చింది. అప్పటికే కొత్త పళ్ల మీద మెరుపు పోయింది. ఆ ఓనరు ముఖం నాకింకా గుర్తుంది.
4.56లో క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 9. 4.88లో 39, 8. పినియన్ పళ్లు తగ్గేకొద్దీ దాని తల చిన్నదవుతుంది. రాళ్లలో చక్రం ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కేవాళ్లకు నేను 4.88 వేయను. అమెరికాలో జీప్ కంపెనీయే 35 టైర్లతో ఇచ్చిన రూబికాన్ ప్యాకేజీకి 4.56 పెట్టింది. వాళ్ల ఇంజినీర్ల లెక్కను నేను గౌరవిస్తా.
ముందు, వెనుక రెండు ఆక్సిల్ హౌసింగుల్లోనూ ఒకే రేషియో ఉండాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేసి 4 వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఆక్సిళ్లకు శక్తి పంచే పెట్టె) పోతుంది. బిగించాక మొదటిరోజు పాతిక ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలి.
తమ్ముడూ, కొత్త టైరు సైజు బండి కంప్యూటర్‌లో ఎక్కించావా?

కొండాపూర్ కుర్రాడు:
లేదన్నా. ఎక్కించాలని కూడా తెలియదు.

రాణీగంజ్ హౌసింగ్ మేస్త్రి:
అయితే ఆ పని ముందు చెయ్యి. మీటరు 100 చూపిస్తే నువ్వు నిజంగా 107లో వెళ్తున్నావు. గేర్‌బాక్స్ కూడా ఆ తప్పు లెక్కతోనే నిర్ణయాలు తీసుకుంటోంది. గేర్లు మార్చినా ఇది దానంతటది సరికాదు. అప్పుడు కొత్త రేషియో కూడా ఎక్కించాలి.

కొండాపూర్ కుర్రాడు:
ఈ వారం ఎక్కించాను. ఓఆర్ఆర్ మీద గేర్లు ముందంత తొందరగా దిగట్లేదు, తేడా బాగానే ఉంది. ఘాట్‌లో, ట్రాఫిక్‌లో కదిలేటప్పుడు మాత్రం బరువు అలాగే ఉంది. తార్నాక అక్క చెప్పాక బ్రేకులు చూపిస్తే ముందు ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వేయించి, గతంలో ఆగిన దూరంతో పోల్చి చూశాను. ఇంకా తృప్తిగా లేదు.
రాళ్ల మీదకు నేను ఏడాదికి రెండు మూడుసార్లే వెళ్తాను, కాబట్టి 4.88 నాకు అక్కర్లేదు. మిగిలింది రెండే దార్లు: 4.56 వేయించడం, లేదా 33 అంగుళాల టైర్లకు దిగి 4.10 అలాగే ఉంచడం.

తార్నాక ప్రయాణం:
33కి దిగు తమ్ముడూ. 285/70 ఆర్17 ఎత్తు 831 మి.మీ., కంపెనీ టైరు కన్నా రెండు శాతమే ఎక్కువ. అది కూడా పేపర్ల ప్రకారం మార్పే, నేను దాచను. కానీ గేర్లు విప్పక్కర్లేదు, బ్రేకు కూడా నీ మాట వింటుంది.

నల్లమల దారి:
35 ఉంచుకుంటే మాత్రం 4.56 అయినా వేయించు. 4.10తో ఘాట్లు ఎక్కి గేర్‌బాక్స్‌ను వేడెక్కించకు. నా మాట 4.88 దగ్గర నుంచి ఇంతే దిగుతుంది.

కొండాపూర్ కుర్రాడు:
ఫ్రెండ్ దగ్గర 33 టైర్ల సెట్టు ఉంది. ఈ ఆదివారం అవి వేసుకుని అనంతగిరి వెళ్లొస్తా, అమ్మను కూడా తీసుకెళ్తా. తర్వాతే ఆర్డర్ సంగతి.

రాణీగంజ్ హౌసింగ్ మేస్త్రి:
వెళ్లేముందు టైరు సైజు మళ్లీ మార్చి ఎక్కించు, మర్చిపోకు. వచ్చాక వెనుక హౌసింగ్ కవర్ తీయిద్దాం, ఆయిల్‌లో ఇనుప పొడి ఎంతుందో చూడాలి.