“న భోగ్యా న కరగ్రాహ్యా”: రాజులందరికీ ఒక్కతే చెల్లెలు

ప్రశ్న (నరసరావుపేట సభ్యురాలు): అందరికీ నమస్కారం. విజయనగర కాలపు రాగిశాసనాల పాఠాలు చదువుతున్నాను. చివరికొచ్చేసరికి తరచుగా ఈ శ్లోకం ఎదురవుతోంది.

ఏకైవ భగినీ లోకే సర్వేషామేవ భూభుజామ్
న భోగ్యా న కరగ్రాహ్యా విప్రదత్తా వసుంధరా

దానమిచ్చిన భూమి జోలికి రాజులు పోకూడదన్నది తెలుస్తూనే ఉంది. మధ్యలో చెల్లెలు ఎందుకొచ్చిందో చెప్పండి. ఇంకొకటి, నాయకులకూ దొరలకూ రాజులిచ్చిన సీమలకి కూడా ఇలాంటి రక్షణ ఉండేదా?

కడప మాస్టారు: అమ్మా, మంచి శ్లోకం పట్టారు. ‘కరం’ అంటే చెయ్యి, కరం అంటే పన్ను కూడా. తోబుట్టువుని ఎవడూ పాణిగ్రహణం చేసుకోడు, అలాగే ఈ భూమి నుంచి పన్ను పట్టకూడదు. ఇంతవరకూ అందరికీ అందే శ్లేషే. రాజుకి మన కావ్యాలు పెట్టిన పేర్లు గుర్తు చేసుకుంటే మిగతాది తెలుస్తుంది. భూపతి, మహీపతి, భూవల్లభుడు. అంటే భూమి రాజుకి భార్య. శ్లోకం చెప్పినవాడు ఆ కల్పనను కాదనలేదు, ఒప్పుకుంటూనే ఒక ముక్క మినహాయించాడు: భూమంతా నీకు భార్యే కావచ్చు, దానమైన ఈ చెక్క మాత్రం చెల్లెలు.

‘భూభుజాం’ అన్న మాటా ఊరికే వేయలేదు. భూమిని అనుభవించేవాడు గనక రాజు భూభుజుడు. ‘భోగ్యా’ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది, దాని ముందు ‘న’ పెట్టాడు. ‘అనుభవించేవాడా, ఇది నీ అనుభవానికి కాదు’ అని మొహం మీదే చెప్పినట్టు. ‘సర్వేషాం’ మీద కూడా కాస్త ఆగండి. ఇచ్చిన రాజు ఎటూ లాక్కోడు. భయమల్లా అతని తరవాత గద్దెనెక్కేవాడితోనే. వాడు కొడుకైనా, యుద్ధంలో గెలిచి వచ్చిన పరాయి వంశంవాడైనా ఆమె వాడికీ చెల్లెలే.

రాజమండ్రి సభ్యుడు: మాస్టారూ, శ్లోకం బాగుంది. కానీ శ్లోకాన్ని చూసి సుంకరి ఆగుతాడా? పట్టుకుని చూపించడానికి ఒక షరతు ఉండాలి కదండీ.

కడప మాస్టారు: ఉందండీ, శాసనం మధ్యలో ఉంది. చాలామంది దాన్ని దాటేసి దాత వంశవర్ణన దగ్గరే ఆగిపోతారు. నా మటుకు శాసనానికి ప్రాణం ఇక్కడే.

సర్వమాన్యం చతుస్సీమాసంయుతం చ సమంతతః
నిధినిక్షేపపాషాణసిద్ధసాధ్యజలాన్వితమ్
అక్షిణ్యాగామిసంయుక్తం ఏకభోగ్యం సభూరుహమ్

ఇవే అష్టభోగాలు. తెలుగు శాసనాల్లో ‘అష్టభోగ తేజస్స్వామ్య సహితంగాను’ అని వస్తాయి. నిధి అంటే సొంతదారు ఎవరో తెలియని పాతర, నిక్షేపం అంటే దాచి ఉంచిన సొమ్ము. జలం, పాషాణం సరే. సిద్ధం ఇప్పటికే సాగులో ఉన్నది, సాధ్యం ఇకమీద సాగులోకి తెచ్చుకోగలిగినది. అక్షిణి ఇప్పుడు చేతికొస్తున్న ఫలం, ఆగామి రాబోయేది. ఈ మాటల వివరణలో పండితుల మధ్య తేడాలున్నాయి గానీ, వరుస ఎందుకు పెట్టారో మాత్రం తేటగా ఉంది. రేపు నాగలికి లంకెబిందెలు తగిలితే అది రాజుదని ఎవరూ రాకూడదు. బీడు దున్ని చెలక చేసుకుంటే కొత్త పన్ను వేయకూడదు. ‘సర్వమాన్యం’ అంటే పన్ను పూర్తిగా మాఫీ. ‘ఏకభోగ్యం’ అంటే ఊరు ఒక్కడిది. పదిమందికి వృత్తులుగా, అంటే వాటాలుగా పంచితే ‘గణభోగ్యం’ అంటారు. కింద ఇంకో పాదం ఉంది, ‘దానస్యాధమనస్యాపి విక్రయస్యాపి చోచితమ్’. దానమిచ్చుకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇవాళ్టి దస్తావేజు రాసేవాళ్ళు కూడా ఇంతకన్నా గట్టిగా రాయలేరు. ఆఖర్న ‘శ్రీ విరూపాక్ష’ అని రాజు సంతకం. మిగతాదంతా నందినాగరి లిపిలో ఉన్నా ఆ సంతకం మన తెలుగు-కన్నడ అక్షరాల్లోనే ఉంటుంది.

హైదరాబాదు సభ్యుడు: అష్టభోగాలంటే గంధం, పుష్పం, తాంబూలం, శయ్య అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ‘వాడికేం, అష్టభోగాలూ అనుభవిస్తున్నాడు’ అంటాం కదా.

కడప మాస్టారు: ఆ జాబితా కూడా ఉంది నాయనా, అది విలాసాల లెక్క. శాసనంలోది హక్కుల లెక్క. రెండిట్లోనూ ఎనిమిదే కాబట్టి కలిసిపోయాయి. శాసనం చదివేటప్పుడు మాత్రం తాంబూలం పక్కన పెట్టాలి.

నరసరావుపేట సభ్యురాలు: విజయనగరానికి ముందు కూడా ఇలా వరుస పెట్టి రాసేవారా అండీ?

కడప మాస్టారు: మీ ఊరి దగ్గరే ఉందమ్మా సాక్ష్యం. మైదవోలు రాగిరేకులు, పల్లవ శివస్కందవర్మ యువరాజుగా ఉన్నప్పుడు కంచి నుంచి ధాన్యకటకంలోని (ఇప్పటి అమరావతి దగ్గర) తన అధికారికి పంపిన ఆజ్ఞ. భాష ప్రాకృతం, కాలం సుమారు క్రీ.శ. 4వ శతాబ్ది. విరిపర అనే ఊరిని ఇద్దరు బ్రాహ్మణులకిస్తూ ఆ ఊళ్ళో ఏమేం చేయకూడదో రాశారు: ఉప్పు తవ్వకూడదు, వంతులవారీగా ఎడ్లను పట్టుకుపోకూడదు, భటులు అడుగు పెట్టకూడదు, అన్నం, కుండలు, మంచం, బస అడగకూడదు.

దీన్ని తిరగేసి చదవండి. మినహాయింపు దొరకని మిగతా ఊళ్ళలో రోజూ జరిగేది అదే అన్నమాట. రాజుగారి మనిషి దిగితే అన్నం వండాలి, మంచం వేయాలి, ఎడ్లు తోలివ్వాలి. మామూలు రైతు బతుకు గురించి వంశవర్ణనలు చెప్పని సంగతి ఈ మాఫీల జాబితా చెబుతుంది. అందుకే నాకు వీటి మీద ఇంత మక్కువ.

రాజమండ్రి సభ్యుడు: ఆవిడ రెండో ప్రశ్న మిగిలిపోయింది. దొరల సంగతేంటి?

కడప మాస్టారు: అక్కడికే వస్తున్నా. దొరకిచ్చిన సీమకి ఈ చెల్లెలి శ్లోకం వర్తించదు. దానికి మాట వేరు, నాయంకరం. కాకతీయుల చివరి తరాల శాసనాల్లో కనబడి విజయనగరంలో బాగా పాతుకుంది. ‘రాయలవారు మాకు నాయంకరానకు పాలించి యిచ్చిన ఫలానా సీమలోను ఫలానా గ్రామం’ అని తెలుగు శాసనాల్లో వస్తుంది. దాన్ని అష్టభోగాల పక్కన పెట్టి చూడండి. నాయంకరం షరతు మీద నడిచేది. నాయకుడు ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు, ఇంత కాల్బలం మేపాలి. పిలిచినప్పుడు రావాలి. సీమ రాబడిలో రాజు వాటా రాజుకి కట్టాలి.

అచ్యుతరాయల కాలంలో హంపీలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టిన లెక్క ఉంది. రెండు వందల మందికి పైగా నాయకులు, వాళ్ళ సీమల రాబడి 120 లక్షలు, అందులో 60 లక్షలు రాజుకి, మిగతాది సైన్యం ఖర్చుకి. మహర్నవమి పండగ రోజుల్లో చెల్లింపులు. చెప్పిన బలం మేపకపోతే శిక్ష, ఆస్తి జప్తు. రైతు దగ్గర పదింట తొమ్మిది వంతులు నాయకుడే గుంజుకునేవాడని కూడా ఆయన రాశాడు. వర్తకుడి అంచనా కాబట్టి అంకెను అంకెగా నేను పట్టుకోను. జనం కష్టపడుతున్నారని, భూమి చేతిలో ఉన్నవాళ్ళు దౌర్జన్యం చేస్తున్నారని అన్న మాటను మాత్రం కొట్టిపారేయలేం.

హైదరాబాదు సభ్యుడు: ఐరోపాలో దొరలు రాజు చేత రాయించుకున్నారు కదండీ, హంగరీలో 1222లో. బంగారు ముద్ర వేసిన శాసనం.

కడప మాస్టారు: అవును, రెండో ఆండ్రూ రాజు ఇచ్చినది. కులీనులకు పన్ను మినహాయింపు, విచారణ లేకుండా పట్టుకోకూడదన్న హామీ, రాజు మాట తప్పితే ఎదిరించే హక్కు కూడా అందులో ఉన్నాయి. అక్కడ షరతు రాజు మెడకి పడింది, మన నాయంకరంలో నాయకుడి మెడకి. మన దగ్గర రాజుని కట్టిపడేసే మాటలున్నాయి, అయితే అవి దేవుడికీ బ్రాహ్మణుడికీ ఇచ్చిన పత్రాల్లో. కత్తి పట్టినవాడి పత్రంలో ‘ఆచంద్రార్కం’, అంటే సూర్యచంద్రులున్నంత కాలం అన్న మాట ఉండదు.

దేవుడికీ బ్రాహ్మణుడికీ మాత్రమే కాదు, వృత్తులవాళ్ళకీ మాఫీలు దొరికాయని మర్చిపోకండి. సదాశివరాయల పేరు మీద అళియ రామరాయలు చక్రం తిప్పుతున్న 1540లలో, బాదామికి చెందిన కొండోజు అనే క్షురకుడు ఆయన్ని మెప్పించాడు. ఆ మెప్పుకి ఫలంగా క్షురకవృత్తి వాళ్ళకి పన్నులు తీసేశారు. ఆ మాట చెప్పే శాసనాలు ఒక్కచోట కాదు, చాలాచోట్ల ఉన్నాయి. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు, 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఓడవర్తకులకు అభయమిచ్చాడు. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే సరుకంతా లాక్కునే పాత పద్ధతి మానేసి, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని రాతి మీద రాయించాడు.

నరసరావుపేట సభ్యురాలు: ‘నాయంకరానకు పాలించి యిచ్చిన’ అన్నదాంట్లో ‘పాలించి’ ఏమిటండీ? పరిపాలించి ఇవ్వడమేమిటి?

కడప మాస్టారు: ఇక్కడ ఏలడం కాదమ్మా, దయతో అనుగ్రహించి అని. కన్నడ శాసనాల్లోనూ ‘పాలిసిద’ ఇదే అర్థంలో వస్తుంది. మాట ఎంత వినయంగా ఉందో చూడండి, హక్కన్నది లేదు, ఇచ్చాడు కాబట్టి ఉంది. అయినా చిత్రం ఏమిటంటే, ఆ దయ మీద నిలిచిన సీమలోంచే నాయకుడు ఒక ఊరు తీసి గుడికి ఇస్తాడు, ‘రాయలవారికి పుణ్యంగాను’ అని. అలా ఇచ్చిన క్షణం నుంచీ ఆ ఊరికి ఆచంద్రార్కం వచ్చేస్తుంది. రేపు నాయకుడు మారొచ్చు, సీమ ఇంకొకరికి పోవచ్చు, దేవుడి మాన్యం కదలదు. తనకి లేని శాశ్వతత్వాన్ని తను చేసిన దానానికి తెచ్చుకున్నాడు. నాయకుల దానశాసనాలు అంత విరివిగా ఉండడానికి భక్తితో పాటు ఇదీ కారణమని నా అభిప్రాయం.

రాజమండ్రి సభ్యుడు: మరి సంస్కృతం రాని జనానికి ఆ ఊరు ముట్టుకోవద్దని ఎలా చెప్పేవారు?

కడప మాస్టారు: తెలుగులోనే, నేరుగా. ‘ఈ ధర్మానకు యెవ్వరు తప్పినాను గంగ కఱుతను కవిలను వధించిన పాపాన పోదురు.’ కఱుత అంటే ఒడ్డు, కవిల అంటే కపిల గోవు. ‘యెవ్వరు’ అన్నదాంట్లో రాజూ ఉన్నాడు, కొత్త నాయకుడూ ఉన్నాడు, ఊరి కరణమూ ఉన్నాడు.