రుణ సంఖ్యకు భిన్న ఘాతాంకం ఉంటే ఏ జవాబు సరైనది?

అందరికీ నమస్కారం. మా చెల్లెలికి ఘాతాంకాలు చెబుతూ ఒక చోట ఆగిపోయాను. కాస్త వివరంగా చెప్పగలరా?

(−8)^(1/3) అంటే −8కి ఘనమూలం, అంటే −2. ఇంతవరకు సందేహం లేదు. (−8)^(2/3) కూడా సులువే: ఘనమూలం −2, దాని వర్గం 4. ముందు వర్గం చేసి 64కి ఘనమూలం తీసినా అదే 4 వస్తుంది.

చిక్కంతా 1/3ని 2/6 అని రాసినప్పుడే. (−8)^(2/6)లో ముందు వర్గం చేస్తే 64, దాని ఆరో మూలం 2. అంటే −2 కాస్తా 2 అయిపోయింది! పోనీ ముందు ఆరో మూలం తీద్దామంటే −8కి వాస్తవ సంఖ్యల్లో ఆరో మూలమే లేదు. భిన్నం విలువ మారనప్పుడు జవాబు ఎలా మారుతుంది?

భిన్నాన్ని ముందు కనిష్ఠ రూపంలోకి తెచ్చి, హారం బేసి అయితేనే వాస్తవ మూలం తీయాలని నేననుకుంటున్నాను. (−16)^(3/4)లో హారం సరి సంఖ్య కాబట్టి వాస్తవ జవాబు ఉండదు, అది ఒప్పుకుంటాను. కానీ ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లో (−8)**(1/3) కొడితే (అక్కడ ** అంటే ఘాతం) −2 రాలేదు, దాదాపు 1 + 1.732𝑖 అనే సంకీర్ణ సంఖ్య (𝑖 అంటే −1కి వర్గమూలం) వచ్చింది. దాన్ని చేత్తో ఘనం చేసి చూశాను, నిజంగానే −8 వస్తోంది. −8 చుట్టూ ఉన్న బ్రాకెట్లు తీసేస్తే మాత్రం −2.0 అంటోంది, అక్కడ మైనస్ చివర్లో చేరుతోందనుకుంటా.

మరి పరీక్షలో ఏది రాయాలి? (𝑎^𝑚)^𝑛 = 𝑎^(𝑚𝑛) అనే న్యాయం 𝑎 రుణ సంఖ్య అయితే సరిగ్గా ఎక్కడ చెల్లదు? తొమ్మిదో తరగతి పిల్లకు అర్థమయ్యేలా చెబితే చాలా మేలు చేసినవారవుతారు.